నిర్మలమ్మకు రోజూ ఒక రెబ్బ

మా పాస్టరయ్య ప్రతి ఆదివారమూ క్షమించమంటాడు. ఆయనకేం, ఆయన పెరట్లోంచి ఎవరూ ఏమీ ఎత్తుకుపోలేదు. నా కరివేపాకు చెట్టును నిర్మలమ్మ ఎత్తుకుపోయింది. గోడ దూకి కాదు. నేనే నా చేతులతో ఇచ్చి, బాగా చూసుకో అక్కా అని బతిమాలి మరీ అప్పగించాను. దొంగ చేతికి తాళాలిచ్చినట్టని జనం అంటుంటే విన్నాను గానీ, ఇచ్చే మనిషిని నేనే అవుతానని అనుకోలేదు.

ఆ చెట్టు మా అమ్మది. అమ్మ పేరు తిరుమలమ్మ. చంద్రగిరి పక్కన మా ఊళ్ళో, నీళ్ళ తొట్టి దగ్గర మొలిచిన పిలకను తీసి పాత పెయింటు డబ్బాలో పెట్టి పెంచింది. ఒకసారి మేక కొరికి కాండం నిలువునా చీలితే, రెండు చీలికల్నీ దగ్గరికి నొక్కి ఇనపతీగ చుట్టింది. ఆ కట్టు విప్పడం మరిచిపోయింది. ఏళ్ళు గడిచేసరికి బెరడు ఆ తీగను మింగేసి, చెట్టు నడుముకు మొలతాడు కట్టినట్టు ఒక గీత మిగిలింది. అమ్మ పోయాక నీకేం కావాలని మా అన్న అడిగితే ఆ డబ్బా అడిగాను. వదిన మొహం అటు తిప్పుకుని నవ్వింది. నవ్వనీ. బస్సులో ఒళ్ళో పెట్టుకుని పలమనేరు తెచ్చుకున్నాను. దాని ఆకు చిన్నది, నలుపు తిరిగిన పచ్చ, గిల్లితే వాసన మధ్యాహ్నం దాకా వేళ్ళను వదలదు. చారు తిరగమోతలో ఆ రెబ్బ చిటపటమన్నప్పుడల్లా అమ్మ నా వెనకాలే నిలబడి ఉన్నట్టుండేది. అమ్మ ఫోటో కూడా నా దగ్గర సరైనది లేదు. ఆ వాసనే ఉంది.

పలమనేరు చలి సంగతి కొండ కిందివాళ్ళకు తెలియదు. తిరుపతిలో ఫ్యాను కింద పడుకునే రోజుల్లో మేం ఇక్కడ చెవులకు గుడ్డ చుట్టుకుని పాలకు పోతాం. తుఫాను వానలు పడ్డన్నాళ్ళూ నా కుండీలన్నీ వంటింటి కిటికీ కిందే ఉంటాయి. విరిగిన బకెట్లో పుదీన, పాత థర్మోకోలు ఐసు పెట్టెలో కొత్తిమీర, పిల్లల దగ్గుకు పనికొచ్చే కర్పూరవల్లి, మూలన అమ్మ చెట్టు. వాన వెలిసి మంచు మొదలవగానే మా వీధిలో అందరూ చలి అని కుండీల్ని ఇంకా లోపలికి తోస్తారు. నేను బయటికి లాగుతాను. “మొక్క సలికి సావదే, సీకటికి సస్తాది” అనేది అమ్మ. అందుకని మంచు విడవగానే అన్నిటినీ గోడవారన ఎండలో పెడతాను, పొద్దు వాలగానే చూరు కిందికి జరుపుతాను. పుదీనను మట్టి దాకా కోసేసి పైన వేరుశనగ పొట్టు పరుస్తాను. కర్పూరవల్లికి నీళ్ళు చూపించను కూడా చూపించను. కరివేపాకు మాత్రం ఎంత చేసినా చలికి ఆకు రాల్చి మోడుగా నిలబడుతుంది. అప్పుడే చాలామంది బెదిరిపోయి చెంబులు చెంబులు నీళ్ళు పోసి వేరు కుళ్ళబెడతారు. దానికి కావలసింది ఎండ, ఓపిక. ఓపిక అన్నది నేను ఆ చెట్టు మీద తప్ప ఇంకెవరి మీదా చూపించినదాన్ని కాదు.

రెండు చలికాలాల కిందట మా బిడ్డ మహితకు రెండో కాన్పు వచ్చింది. అల్లుడికి నాయుడుపేటలో ఫ్యాక్టరీ పని. పెద్దదాన్ని బడి మాన్పించి రాలేను, నువ్వే రామ్మా అంది. మా ఆయన పాల్, టమోటాలు మోసే ఆటో తోలతాడు. మార్కెట్టుకు పోతే ఎప్పుడొస్తాడో ఆయనకే తెలియదు. పైగా మొక్కలకు నీళ్ళు పొయ్యమంటే పక్కనున్న చెప్పులకు కూడా పోసే మనిషి. అందుకని కుండీలన్నీ నిర్మలమ్మ ఇంటికి మోయించాను.

నిర్మలమ్మ మా వీధి చివరింట్లో ఉంటుంది. నాకంటే పెద్దది. అప్పట్లో మా చర్చిలో స్త్రీల సమాజానికి అధ్యక్షురాలు. ఆమె ప్రార్థన మొదలుపెడితే పొయ్యిమీద పప్పు మాడిపోయేదాకా ఆపదు. నా చెట్టంటే ఆమెకు ముందునుంచీ కన్నే. “కృపా, ఒక రెబ్బ ఇయ్యి మే, మార్కెట్టు ఆకులో ఏముండాది, గడ్డి” అంటూ వచ్చేది. నేనూ ఇచ్చేదాన్ని. ఆ రోజు ఆమెకు అన్నీ చెప్పాను.

“ఆకు రాల్తే భయపడొద్దు అక్కా. దినామూ ఎండకి లాగు. నీళ్ళు మాత్రం పొయ్యొద్దు.”

“నాకు చెప్పాల్నా మే? నువ్వు బిడ్డ దగ్గిరికి నిమ్మళంగా పోయి రా. నేనుండాను కదా.”

క్రిస్మసుకు ముందు తిరిగొచ్చాను. బ్యాగు ఇంట్లో పడేసి నేరుగా ఆమె ఇంటికే పోయాను. పుదీన ఉంది, కర్పూరవల్లి ఉంది. మూల ఖాళీగా ఉంది. నిర్మలమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది.

“కరేపాకు పాయె కృపా. ఆకంతా రాలి మోడై సచ్చిపాయె. సూడలేక చెత్తబండికి ఏస్తి.”

“ఆకు రాల్తే సచ్చినట్టు కాదని చెప్పి పోతిని కదక్కా!”

“వేరు కూడా కుళ్ళిపోయినాది మే. నేను సూసినా కదా. నా మనసెంత బాధపడిందో ఆ దేవునికి తెలుసు.”

నేను నమ్మాను. నమ్మడమే కాదు, ఏడవొద్దు అక్కా అని ఆమె వీపు నిమిరాను. ఇంటికొచ్చి నేను ఏడ్చాను. ఆ ఏడు క్రిస్మసు కోడికూరలోకి మార్కెట్టు ఆకు వేశాను. అమ్మ రెండోసారి పోయినట్టనిపించింది. పాల్ కూర బాగుందన్నాడు. ఆయన మీద గిన్నె విసిరేదాన్నే, కొంచెంలో తప్పించుకున్నాడు.

చలి తగ్గాక మా చర్చిలో కోత పండగ చేస్తారు. ఎవరు పండించింది వాళ్ళు తెచ్చి దేవుని సన్నిధిలో పెడతారు. చెరకు గడలు, గుమ్మడికాయలు, కాళ్ళు కట్టిన నాటుకోళ్ళు, వేరుశనగ మూటలు. ప్రార్థన అయ్యాక వాటిని వేలం వేస్తారు. ఒకసారి అక్కడ పెట్టింది దేవునిది, వెనక్కి తీసుకునేది లేదు. పాడి కొనుక్కోవాల్సిందే. ఇచ్చినవాళ్ళను సాక్ష్యం చెప్పమని ఎవరైనా అడగొచ్చు, అడిగితే చెప్పాలి.

వేలం పాడేది సంఘపెద్ద జయరావన్న. గుమ్మడికాయలు అయ్యాయి, కోళ్ళు అయ్యాయి. తర్వాత ఆయన రెండు చేతులా ఒక నీలం రంగు తొట్టి ఎత్తి బల్లమీద పెట్టాడు. అందులో కరివేపాకు చెట్టు. కొత్త చిగుళ్ళు గుబురుగా ఉన్నాయి. చుట్టూ ఎర్ర రిబ్బను కట్టి ఉంది. “మన నిర్మలమ్మగారు సొంత చేతులతో పెంచి దేవునికి ఇచ్చినారు” అన్నాడు. నిర్మలమ్మ తల వంచుకుని వినయంగా కూర్చుంది. నేను రిబ్బను కింద చూశాను. చెట్టు నడుముకు మొలతాడు గీత.

నాకు కాళ్ళనుంచి తలదాకా మంట పాకింది. ఆమె వీపు నిమిరిన చెయ్యి ఇదే కదా అని నా అరచేతిని చూసుకున్నాను. దాన్ని పళ్ళతో కొరుక్కోవాలనిపించింది. లేచి దొంగముండా అని అరవొచ్చు. అరిస్తే దేవుని సన్నిధిలో ఇదేం నోరమ్మా అని నన్నే కూర్చోబెడతారు. కరివేపాకు చెట్లన్నీ ఒకేలా ఉండవా అని ఆమె ఏడుస్తుంది. ఆమె ఏడిస్తే అందరూ నమ్ముతారు, నేనే నమ్మాను కదా. అందుకని మెల్లగా లేచి, మొహమంతా నవ్వు పులుముకున్నాను.

“జయరావన్నా, పాటకు ముందు నిర్మలక్క సాక్ష్యం చెప్పాల. ఇంత సలిలో ఇంత బాగా ఎట్ల సాకిందో మేమూ నేర్చుకుంటాం.”

వెనక బెంచీల్లోంచి ఆమెన్ అన్నారు. నిర్మలమ్మ నన్ను చూసింది. ఆ చూపులో మొదటిసారి భయం కనిపించింది. నాకు కడుపు చల్లబడింది. ఆమె లేచి, దేవుని కృప అంది, విత్తనం నాటినప్పటినుంచీ కన్నబిడ్డలా చూసుకున్నానంది.

“ఇత్తనం నించేనా అక్కా? అయితే నడుముకి ఆ గీతేంది?”

“అది... పుట్టుకతోనే ఉండాది మే.”

“స్తోత్రం!” అని రెండు చేతులూ ఎత్తాను. “అందరూ వినండి. మా అమ్మ చెట్టుకీ అట్లాంటి గీతే ఉండె. బెరడు గీరి సూడు జయరావన్నా, లోపల ఇనపతీగ ఉంటాది. మా అమ్మ కట్టిన తీగ. ఆ చెట్టు సచ్చిపాయెనని, చెత్తబండికి ఏసినానని నిర్మలక్కే నా దగ్గిర కండ్లనీళ్ళు పెట్టుకున్యాది. సచ్చిన చెట్టు చెత్తబండిలోంచి లేచి, నీలం తొట్టిలో కూసోని, రిబ్బను కట్టుకోని, నడుచుకుంటా దేవుని సన్నిధికి వచ్చినాది! ఇంతకంటే అద్భుతం యాడన్నా సూసినారా? సప్పట్లు కొట్టండి!”

ముసలమ్మలు నిజంగానే చప్పట్లు కొట్టారు. వెనకాల సుబ్బులమ్మవ్వ హల్లెలూయా అని కూడా అంది. జయరావన్న జేబులోంచి తాళం చెవి తీసి బెరడు గీరాడు. తుప్పుపట్టిన తీగ కనిపించింది. చప్పట్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. నిర్మలమ్మ తేలు కుట్టిన దొంగలా అలా నిలబడిపోయింది. ఏడవలేదు కూడా. ఏడ్చినా ఈసారి తుడిచేవాళ్ళు లేరు.

వేలంలో నేను ఒక్క మాట పాడాను. ఎదురు ఎవరూ పాడలేదు. జయరావన్న ఒకటోసారి, రెండోసారి, మూడోసారి అని గబగబా అనేసి తొట్టి నా చేతికిచ్చాడు. మండే ఎండలో దాన్ని ఎత్తుకుని వీధి నడిమధ్యలో నడిచాను. ఓరగా నడవాల్సిన పని నాకేముంది?

అంతటితో తీరిపోవాలి. పాల్ కూడా అదే అన్నాడు. నిర్మలమ్మ అధ్యక్ష పదవి వదులుకుంది, చర్చిలో వెనక బెంచీకి పోయింది. నాకు మాత్రం తీరలేదు. చేతులు కడుక్కుని పెళ్ళిపంక్తిలో కూర్చున్నాక ఒకే ముద్ద పెట్టి లేపేసినట్టుంది. వానాకాలం వచ్చేసరికి ఆడవాళ్ళు మెత్తబడ్డారు. పాపం ఎంత మంచి ప్రార్థన చేసేదో, ఎవరు తప్పు చెయ్యరు అనడం మొదలుపెట్టారు. నవంబరులో ఆమెనే మళ్ళీ అధ్యక్షురాలిగా ఎన్నుకున్నారు. ఓటుకు ఎత్తిన చేతులన్నిటి వంకా చూసి, ఎవరెవరివో నేను గుర్తుపెట్టుకున్నాను.

ఆ సాయంత్రమే పాస్టరయ్య ఇంటికొచ్చాడు. “నీ చెట్టు నీకు వచ్చింది కదమ్మా. ఇంక ఆమెకు ఏదైనా మేలు చెయ్యి. నీ మనసే తేలికవుతుంది” అన్నాడు.

మేలు చెయ్యమన్నాడు. సరే, చేశాను.

మర్నాడు పొద్దున పాలబండి దగ్గర వీధి ఆడవాళ్ళంతా నిలబడి ఉండగా ఒక కరివేపాకు రెబ్బ తుంచుకుని పోయాను. “నిర్మలక్కా, తీస్కో. నా చెట్టుదే. సచ్చి లేచిందే, అది” అని అందరికీ వినపడేలా చెప్పి ఆమె చేతిలో పెట్టాను. ఆమె వద్దనలేదు. పాస్టరయ్య భార్య పక్కనే ఉంది, ఎంత మంచి మనసమ్మా కృపారాణిది అంటోంది. నిర్మలమ్మ మింగలేక కక్కలేక ఆ రెబ్బను కొంగులో ముడేసుకుంది. ఇంటికొచ్చి ఆ పూట నేను కడుపునిండా తిన్నాను.

ఆ రోజునుంచి రోజూ ఒక రెబ్బ. ఆదివారం చర్చి మెట్లమీద. ఆమె రాకపోతే ఇంటికే పోయి, గేటు బయటనుంచి పిలిచి మరీ ఇచ్చేదాన్ని. పాలకు రావడం మానేసి మొగుణ్ణి పంపిస్తే, ఆయన చేతికే ఇచ్చి “మీ ఇంటావిడకు మా కరేపాకు అంటే పానం కదన్నా” అన్నాను. ఆమె మొహం రోజురోజుకూ లోపలికి పీక్కుపోతుంటే, చూసి ఓర్చుకోలేనంత సంతోషంగా ఉండేది. దాచుకునేదేముంది, నాకు ఉండేది.

కానీ చలికాలం. ఆ చెట్టు పడుకునే కాలం. మామూలుగా అయితే ఆకు దానంతట అదే రాలుస్తుంది, నేను ముట్టుకోను. ఈసారి రెబ్బ కావాలి. అందుకని దాన్ని పడుకోనివ్వలేదు. మంచు విడవకముందే బయటికి లాగాను. చూరు కిందికి జరిపాక గోనెసంచి కప్పాను. చిగురెయ్యాలని పులిసిన మజ్జిగ పోశాను. ఎప్పుడూ చలిలో నీళ్ళు పొయ్యనిదాన్ని, గోరువెచ్చటి నీళ్ళు పోశాను. ముదురాకు అయిపోతే లేతాకు తుంచాను, లేతాకు అయిపోతే కళ్ళు తెరవని చిగుళ్ళు గిల్లాను. పుదీనకు పొట్టు పరవడం మరిచిపోయాను. కర్పూరవల్లి మంచుకు నల్లబడింది, దాన్ని చూసే తీరిక లేదు.

పాల్ ఒకరోజు ఆటో కడుగుతూ నా వంక చూశాడు.

“దినామూ తుంచితే మళ్ళా చిగురెయ్యదు కృపా. మీ అమ్మ చెట్టు మే అది.”

“నాకు తెలీదా?”

“తెలిసే చేస్తా ఉండావా? ఎలకమీద కోపానికి ఇల్లు కాల్చుకున్నట్టు ఉండాది నీ యవ్వారం.”

“నీ టమోటాలు నువ్వు సూసుకో పో” అన్నాను. ఆయన మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. పెళ్ళైనప్పటినుంచీ ఆయనకు అలవాటే.

జనవరి చివర్లో ఒకరోజు పొద్దున తుంచడానికి ఏమీ దొరకలేదు. చెట్టు చుట్టూ రెండుసార్లు తిరిగాను. పైకొమ్మ చివర గోటంత చిగురు ఒకటుంది. దాన్నైనా గిల్లుదామని చెయ్యి చాపాను గానీ, అంత చిన్నది తీసుకుపోతే ఆడవాళ్ళు నవ్వుతారని ఆగాను. రేపటికి పెరగనీ అనుకున్నాను. ఆ రోజు పాలకు పోలేదు.

మధ్యాహ్నం గేటు చప్పుడైంది. నిర్మలమ్మ. ఏడాదిగా నా గడప తొక్కని మనిషి.

“ఏం అక్కా, ఈ పొద్దు రెబ్బ రాలేదని అడిగే దానికి వచ్చినావా?”

ఆమె నా వంక చూడనే లేదు. నేరుగా గోడవారన ఉన్న తొట్టి దగ్గరికి పోయి కూలబడింది. కొమ్మను గోటితో కొంచెం గీరి చూసింది. ఇంకో కొమ్మ, ఇంకోటి. మట్టిలో వేలు పెట్టి, వేలి కొస ముక్కు దగ్గర పెట్టుకుంది.

“మజ్జిగ పోసినావా?”

“నా చెట్టు, నా మజ్జిగ.”

“నేను దీన్ని దొంగిలిచ్చినాను కృపా” అంది. ఎంతో మామూలుగా అంది. “ఆ పొద్దు ఆకంతా రాలి ఉంటే సచ్చిపాయెననే అనుకుంటి. నీకేం చెప్పాల్నో తెలీక, వేరు కుళ్ళిందని, చెత్తబండికి ఏసినానని అబద్ధం చెప్పేస్తి. కానీ పారేసే దానికి చెయ్యి రాలే. లోపల దాపెట్టి, దినామూ పెరట్లో ఎండకి లాగతా, సందేళకి లోపల పెడతా వస్తి. చిగురేసినాక నీకు తెచ్చి ఇయ్యాల్సింది. మనసు రాలే. నా చేతి కింద బతికె కదా అనుకుంటి. దేవునికి ఇచ్చేస్తే నా తప్పు పోతాదనుకుంటి. నువ్వు నన్ను అందరి ముందరా నిలబెడితివి, సరే. దినామూ రెబ్బ తెచ్చి నా మొగాన కొడితివి, అదీ సరే. నోరు మూసుకోని తీసుకుంటి.”

ఆమె లేచి నిలబడింది. చేతికంటిన మట్టిని చీరకు తుడుచుకుంది.

“నేను దొంగిలిచ్చినాను గానీ బతికిస్తి. నువ్వు సంపతా ఉండావు.”

చెట్టువైపు చూశాను. రోజూ చూస్తున్నదే. కానీ ఆ చలికాలమంతా నేను చూసింది ఎక్కడ రెబ్బ దొరుకుతుందా అని మాత్రమే. కొమ్మలన్నిటికీ గిల్లిన చోట నల్లటి మచ్చలు. కింది కొమ్మలు రెండు ఎండిపోయి పుల్లల్లా ఉన్నాయి. అమ్మ కట్టిన తీగ దగ్గర జయరావన్న గీరిన బెరడు మానకుండా అలాగే ఉంది. నాకు ఏడుపు రావాలి. రాలేదు. ఒళ్ళంతా మండిపోయింది. పాల్ చెప్పినప్పుడు కసిరాను గానీ, ఇంకెవరు చెప్పినా పడేదాన్ని, పాస్టరయ్య చెప్పినా పడేదాన్ని. ఈ మనిషి నోటినుంచి వినాల్సి వచ్చిందే, అది కూడా నిజమైన మాట!

“అయితే తీస్కపో!” అని అరిచాను. “నీ చేతి కింద బతుకుతాది కదా, తీస్కపో. బతికిచ్చి తీస్కరా. ఈ తూరి సచ్చిపాయెనని నా గడప తొక్కినావంటే...”

తొక్కితే ఏం చేస్తానో నాకు తోచలేదు. చెయ్యాల్సినవన్నీ చేసేశాను. నిర్మలమ్మ వంగి తొట్టిని రెండు చేతులా ఎత్తి, నడుముకు ఆనించుకుని గేటు దాటింది. పాలబండి దగ్గర నిలబడే ఆడవాళ్ళు ఇద్దరు వాకిళ్ళలో ఉన్నారు. వాళ్ళు చూశారు. చూడనీ.

ఆమె నాలుగిళ్ళు దాటాక నేను గేటు దాకా పరుగెత్తాను.

“ఎండలో పెట్టు!” అని కేకేశాను. “నీళ్ళు పొయ్యొద్దు!”

“తెలుసులే మే” అంది నిర్మలమ్మ, తిరిగి చూడకుండానే.